సికింద్రాబాద్‌లో దిగి కాచిగూడలో ఎక్కేలోపు పాతబస్తీ ఎంత నడవొచ్చు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పొద్దున ఆరింటికి రాజమండ్రి బండి సికింద్రాబాద్‌లో దిగుతారు. సాయంత్రం ఆరున్నర దాటాక కాచిగూడలో షిర్డీ బండి. మనుషులు నలుగురు: మీరు, మీ ఆవిడ, పదకొండేళ్ల పాప, మోకాళ్లు సతాయిస్తున్న నాన్నగారు. చూడాలనుకున్నవి చార్మినార్, సాలార్‌జంగ్, గోల్కొండ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, పాపకు గాజులు. వీలైనంత నడిచే చూడాలంటున్నారు. షిర్డీ ప్రయాణం కాబట్టి మాంసం ముట్టరు.

ముందుగా గోల్కొండ కొట్టేయండి. అది ఊరికి పడమర కొసన ఉంది. ట్రాఫిక్‌లో రానూ పోనూ రెండు గంటలు ఆటోలోనే అయిపోతాయి. అక్కడికి చేరాక పైన బాలాహిస్సార్ దాకా ఎక్కకపోతే చూసినట్టుండదు, ఎక్కితే నాన్నగారి మోకాళ్లు షిర్డీ క్యూలో నిలబడనివ్వవు. బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ కూడా తీసేయండి. అవి బాగుండవని కాదు. పన్నెండు గంటలున్నాయని అనుకుంటున్నారు గానీ, మొహాలు కడుక్కోవడం, సామాను పెట్టడం, భోజనం, చివర్లో స్టేషన్‌కు గంటన్నర ముందు చేరడం తీసేస్తే చేతికి మిగిలేది ఏడు గంటలే. ఏడు గంటల్లో ఆరు చోట్లంటే ఆరు ఆటోలు ఎక్కి దిగడమే తప్ప ఊరు చూడడం ఉండదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. సూర్యాపేట దగ్గర పల్లె మాది. 1998లో వచ్చి పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో పన్నెండేళ్లు లెక్కలు రాశాను. రోజూ అఫ్జల్‌గంజ్‌లో సిటీ బస్సు దిగి నడిచి వెళ్లేవాణ్ణి. తరువాత ఉద్యోగం మారింది గానీ, ఊరి నుంచి ఎవరు వచ్చి రెండు బళ్ల మధ్య చిక్కుకున్నా వాళ్లను తిప్పే పని నాదే. అలా తిప్పగా తిప్పగా తేలిందేమిటంటే, పాతబస్తీకి ఒక్క దారి చాలు. అఫ్జల్‌గంజ్ నుంచి మూసీ దాటి, నయాపూల్, మదీనా, పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్, చార్మినార్. కిలోమీటరున్నర, దాదాపు తిన్నగా. అక్కడి నుంచి పక్కకు తిరిగి లాడ్ బజార్ గుండా నిజాముల చౌమహల్లా ప్యాలెస్ దాకా ఇంకో కిలోమీటరు లోపే. ఈ రెండున్నర కిలోమీటర్లు మెల్లగా, కూర్చుంటూ లేస్తూ నడవండి.

మీరు రాయనిది ఒకటుంది, ఏ రోజు వస్తున్నారో. శుక్రవారమైతే సాలార్‌జంగ్ మ్యూజియానికి సెలవు, చౌమహల్లాకూ సెలవు, మక్కా మసీదు జుమ్మా నమాజుతో కిటకిటలాడుతుంది. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. పెళ్లైన కొత్తలో మా మామగారిని, ఇద్దరు మరదళ్లను పెద్ద గొప్పగా శుక్రవారం నాడే తీసుకెళ్లాను. పత్తర్‌గట్టిలో పనిచేసేవాణ్ణి కదా, నాకు తెలియనిదా అని. మ్యూజియం గేటుకు తాళం. చౌమహల్లా గేటుకూ తాళం. మామగారు ఏమీ అనలేదు. వాచీ చూసుకుని, "అయితే టీ తాగుదామా అల్లుడూ" అన్నారు. ఆ మాట ఇప్పటికీ పండక్కి పండక్కి వినిపిస్తూనే ఉంటుంది.

ఇక పొద్దున సంగతి. చాలామంది దిగిన స్టేషన్‌లోనే సామాను పెట్టేస్తారు. మీ బండి ఎక్కేది కాచిగూడలో కాబట్టి సామాను కూడా అక్కడి క్లోక్‌రూమ్‌లోనే ఉండాలి. లేకపోతే సాయంత్రం ట్రాఫిక్‌లో ముందు సికింద్రాబాద్, తరువాత కాచిగూడ అని పరుగెత్తాలి. బ్యాగులన్నిటికీ తాళాలు ఉండాలి, తాళం లేనిది తీసుకోరు. టికెట్ చూపించమంటారు. చిన్న తాళాలు రెండు రాజమండ్రిలోనే కొని వేసుకు రండి. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా వైపు వెళ్లే ఎంఎంటీఎస్ లోకల్ రైలు దొరికితే కాచిగూడకు అదే నయం, దారిలో ఆర్ట్స్ కాలేజీ స్టేషన్ కూడా వస్తుంది. కానీ ఆ లైన్‌లో బళ్లు తక్కువ. స్టేషన్‌లో పావుగంటకు మించి ఎదురుచూడకుండా ఆటో ఎక్కేయండి. కాచిగూడ స్టేషన్‌ను మాత్రం ఒక నిమిషం బయట నిలబడి చూడండి. 1916లో కట్టిన గుమ్మటాల భవనం అది, రైలు స్టేషనంటే నమ్మబుద్ధి కాదు. వెయిటింగ్ రూమ్‌లో స్నానాలూ అవీ కానిచ్చి, ఏడున్నర ఎనిమిది మధ్య అఫ్జల్‌గంజ్‌కు ఆటో మాట్లాడుకోండి. ఒంటి మీద నీళ్ల సీసా, కండువా, ఫోను తప్ప ఏమీ వద్దు. చెప్పులు విప్పి తొడగడానికి వీలైనవి వేసుకోండి, బూట్లు వద్దు.

అఫ్జల్‌గంజ్‌లో దిగేసరికి దుకాణాలు ఇంకా సగం మూసే ఉంటాయి. అదే మంచిది. పదకొండు దాటాక ఆ రోడ్డు మీద మనిషికి మనిషి తగులుతాడు. ఎడమా కుడీ చూడకుండా ముందు నయాపూల్ మీదకు వెళ్లండి. గోదావరి గట్టున పుట్టినవాళ్లు మూసీని చూసి "ఇదా నది?" అంటారని నాకు తెలుసు. అనండి, తప్పులేదు. వాసన కూడా వస్తుంది. కానీ ఆ వంతెన మీద నిలబడి నాన్నగారికి ఈ కథ చెప్పండి.

1908 సెప్టెంబర్ 28న ఈ నదే ఊరి మీద పడింది. వంతెనలు మునిగాయి, ఒడ్డు మీది పేటలకు పేటలు కొట్టుకుపోయాయి. పోయినవాళ్లు పదిహేను వేల మంది అని లెక్క చెబుతారు. వంతెన మీద నుంచి నది అవతలి, ఇవతలి ఒడ్డులు రెండూ చూడండి. మనం వచ్చిన వైపు గుమ్మటాలతో కనిపించేది ఉస్మానియా ఆసుపత్రి. వెళ్తున్న వైపు కుడిచేతి ఎర్రరాతి భవనం హైకోర్టు కోసం కట్టింది. రెండింటి నమూనా గీసింది విన్సెంట్ ఎష్ అనే ఆయనే, రెండూ వరద తరువాత లేచినవే. ఆసుపత్రి ఆవరణలో ఒక పెద్ద చింతచెట్టు ఉంది. ఆ రోజు ఆ చెట్టెక్కి కొమ్మలు పట్టుకుని నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. అమ్జద్ హైదరాబాదీ అని రుబాయీలు రాసిన గొప్ప ఉర్దూ కవి ఉండేవాడు. తల్లి, భార్య, కూతురు ముగ్గురూ ఆ నీళ్లలో పోయారు, ఆయన ఒక్కడే మిగిలాడు. చెట్టు చూడాలని ఉంటే లోపలికి వెళ్లండి గానీ, అది రోగుల చోటు. గుంపుగా వెళ్లి ఫొటోలు తీసే తావు కాదు. నేనైతే వంతెన మీదే చెప్పి ముందుకు నడిపిస్తాను.

ఆ వరద తరువాతే నిజాం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించాడు. ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఒకటి 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఇవాళ మీకు వంతెన కింద సన్నటి నీటిపాయ కనిపిస్తోందంటే దానికి కారణాల్లో ఆ రెండు చెరువులూ ఉన్నాయి. కాటన్ ఆనకట్ట దగ్గర పెరిగినవాళ్లకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

వంతెన దిగాక ఎడమచేతి వైపు సాలార్‌జంగ్ మ్యూజియం. ఇప్పుడు వెళ్లొద్దు. పదింటికి గానీ తెరవరు, తెరిచాక లోపలికి వెళితే మధ్యాహ్నం దాకా బయటికి రాలేరు. దాన్ని చివర్లో చూద్దాం.

మదీనా చౌరస్తా దాటడం ఒక విద్య. సిగ్నల్ పడుతుందని కూర్చుంటే సాయంత్రమవుతుంది. స్థానికులు ఎవరైనా దాటుతుంటే వాళ్ల నీడలో నడవండి, నాన్నగారిని బళ్లు వచ్చే వైపు కాకుండా రెండో పక్కన పెట్టుకోండి, చెయ్యి కొంచెం పైకెత్తండి. పరుగెత్తకూడదు. పరుగెత్తేవాడి వేగం బండివాడి అంచనాకు అందదు, మెల్లగా నడిచేవాడి చుట్టూ వాడే తిప్పుకుని పోతాడు. ఇది ఈ ఊరి రూలు.

దాటాక మొదలయ్యేదే పత్తర్‌గట్టి. రెండు వైపులా ఒకే వరసలో రాతి కమాన్లు, కింద దుకాణాలు, పైన ఇళ్లు. వరద వచ్చి, దాని వెనకే ప్లేగు కూడా ఊరిని ఊపేశాక 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు సందులు కొట్టి రోడ్లు వేశారు, ఆ పనిలో భాగంగా ఈ బజారు లేచింది. దుకాణాల బోర్డులు కిందికి వేలాడి కమాన్లను సగం మింగేశాయి. అందుకే పొద్దున్నే రమ్మన్నాను. షట్టర్లు మూసి ఉన్నప్పుడు తల పైకెత్తి నడిస్తే అసలు భవనం కనిపిస్తుంది. నేను పన్నెండేళ్లు ఆ కమాన్ల కింద కూర్చుని తల పైకెత్తలేదు. అవి చెక్కిన రాళ్లని గమనించింది ఉద్యోగం మానేశాక, ఎవరో దూరపు చుట్టాన్ని తిప్పుతున్నప్పుడు.

ఆ దగ్గర్లోనే కుడివైపు లోపలికి బాద్షాహీ అశూర్‌ఖానా ఉంది. టూరిస్టు బస్సులు ఆగవు కాబట్టి ఎవరూ చెప్పరు. నన్నడిగితే చార్మినార్ కన్నా ముందు దీన్ని చూడమంటాను. చార్మినార్ కట్టిన కొద్ది ఏళ్లకే మొహర్రం పీర్లను నిలపడానికి మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన మందిరం. లోపలి గోడల మీద పింగాణీ పెంకుల పని చూడాలి. పసుపు, నీలం, ఆకుపచ్చ తునకలు కలిపి పేర్చిన పీరు ఆకారాలు, తీగలు. నాలుగు వందల ఏళ్లయినా ఆ పసుపు నిన్న అద్దినట్టే మెరుస్తుంది. గోడ కింది భాగం మాత్రం పరీక్షగా చూడండి. అక్కడ పెంకులు లేవు, రంగు ఉంది. మూసీ వరద లోపలికి వచ్చినప్పుడు కింది పెంకులు ఊడిపోతే తరువాత అదే ముగ్గును రంగుతో వేశారు. వంతెన మీద చెప్పుకున్న నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గోడ చెబుతుంది. పాపను వేలితో చూపించమనండి, పెంకు ఎక్కడ ఆగింది, రంగు ఎక్కడ మొదలైంది అని. తాకొద్దు. చెప్పులు బయట విడవాలి, తల కప్పుకుంటే మర్యాద. అది ఇప్పటికీ పీర్లు నిలిపే చోటు, మొహర్రం రోజుల్లో చూడడానికని వెళ్లొద్దు.

తిరిగి రోడ్డెక్కితే మచిలీ కమాన్. దాని కింద నుంచి వెళ్తే గుల్జార్ హౌజ్. ఆటోలు, స్కూటర్లు చుట్టూ తిరుగుతున్న చిన్న ఫౌంటెన్ అది. మొదటిసారి చూసినవాళ్లు ట్రాఫిక్ ఐలాండ్ అనుకుంటారు. అక్కడ ఏదైనా మూసిన దుకాణం మెట్టు మీద నాన్నగారిని కూర్చోబెట్టి, మీరు నాలుగు దిక్కులూ తిరిగి చూడండి. నాలుగు వైపులా నాలుగు కమాన్లు, నాలుగూ కలిపి చార్ కమాన్ అంటారు. ఉత్తరాన మచిలీ కమాన్, శుభమని చేప బొమ్మ వేలాడదీసేవారట. తూర్పున కాలీ కమాన్, నగారాలు మోగేది అక్కడే. దక్షిణాన చార్మినార్ వైపుది చార్మినార్ కమాన్. పడమరది షేర్-ఎ-బాతిల్ కీ కమాన్, రాజుగారి మహళ్లకు వాకిలి, జరీ తెర వేలాడేదని చెబుతారు. మహళ్లు లేవు, తెర లేదు, కమాను మాత్రం ఉంది, దాని కింద నుంచి గ్యాస్ సిలిండర్ల బండి వెళ్తుంటుంది. చార్మినార్ ఒక్కటే విడిగా ఒక బొమ్మలా పుట్టలేదని ఇక్కడ నిలబడితే తెలుస్తుంది. ముందు కూడలి గీసి, రోడ్లు గీసి, ఆ రోడ్లు కలిసే చోట గుర్తుగా దాన్ని నిలిపారు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు వెళ్లే బాట ఇటు మీదుగానే పోయేది. మన కోస్తా వైపు సరుకంతా ఈ దారినే వచ్చింది. ఊరి నమూనా వేసినవాడు మీర్ మోమిన్ అస్తరాబాదీ, ఇరాన్ నుంచి వచ్చి ఇక్కడ పేష్వా, అంటే ప్రధానమంత్రి, అయినవాడు. ఊరు కట్టిన కులీ కుతుబ్ షా తండ్రి ఇబ్రహీమే మన తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న సుల్తాను.

టిఫిన్ ఇక్కడే. చార్ కమాన్ దగ్గర పొద్దునపూట బండ్ల మీద వెన్న దోశ వేస్తారు. పెనం మీద వెన్న ముద్ద, దాని మీద ఉప్మా, కారప్పొడి, టమాటా అన్నీ గరిటెతో రుద్ది రుద్ది దోశలోకే కలిపేస్తారు. గోదావరి జిల్లా నాలుకకు మొదటి ముక్క కొంచెం అన్యాయంగా అనిపిస్తుంది, రెండోది అనిపించదు. నిలబడి తినాలి. నాన్నగారికి ఇడ్లీ దొరుకుతుంది.

చార్మినార్ తొమ్మిదిన్నరకు తెరుస్తారు. తొమ్మిదింబావుకు టికెట్ కౌంటర్ దగ్గర ఉంటే మొదటి విడతలో పైకి వెళ్లొచ్చు. పైన మినార్ల దాకా 149 మెట్లున్నాయి గానీ జనాన్ని మొదటి అంతస్తు వరకే పంపుతారు. ఆ కొద్ది మెట్లూ నిట్టనిలువు, మెలిక, సగం చీకటి. ఒక్కో మెట్టు మోకాలి ఎత్తు. నాన్నగారిని ఎక్కించొద్దు, ఎక్కగలిగినా దిగడం కష్టం. మీరిద్దరూ పాపతో వెళ్లి ఇరవై నిమిషాల్లో రండి. పైన నాలుగు వైపులా తిరిగితే, ఇందాక నడిచిన రోడ్డు ఉత్తరాన నయాపూల్ వైపు గీత గీసినట్టు కనిపిస్తుంది. అది పాపకు చూపించండి. ఆ కట్టడం 1591 నాటిది, గడియారాలు మాత్రం 1889లో పెట్టినవి. గైడ్లు భాగమతి ప్రేమకథ చెబుతారు. వినడానికి బాగుంటుంది, డబ్బులు ఇవ్వదగ్గంత బాగానే చెబుతారు. చరిత్రకారులు మాత్రం ఆ విషయంలో ఇప్పటికీ ఒక మాట మీద లేరు.

నాన్నగారు ఈలోపు పక్కనే ఉన్న నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్‌తో కూర్చోవచ్చు. కూర్చోవడం అంటే, బల్లలు తక్కువ, రద్దీ ఎక్కువ, కాసేపు నిలబడాల్సి రావచ్చు. బిస్కెట్లు అప్పుడే ట్రేలో వస్తే వేడిగా ఉన్నవే అడగండి. చాయ్ పెద్దగా అనిపిస్తే "వన్ బై టూ" అంటే రెండు కప్పుల్లో పోసిస్తారు.

తరువాత మక్కా మసీదు, రోడ్డుకు అవతలే. నమాజు వేళలు తప్పించి ఎవరైనా వెళ్లొచ్చు, కాళ్లూ భుజాలూ కప్పే బట్టలుండాలి. 1617 ప్రాంతంలో కుతుబ్‌షాహీలు మొదలుపెడితే, గోల్కొండను గెలిచిన ఔరంగజేబు 1694లో పూర్తి చేశాడు. కట్టేవాళ్ల వంశం మారిపోయింది, పని ఆగలేదు. ఆ రోజుల్లో ఇటు వచ్చిన టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు రాశాడు, ఇందులోని ఒక రాయిని తవ్వి తీయడానికే ఐదారు వందల మందికి ఐదేళ్లు పట్టిందని, లాగడానికి 1,400 ఎద్దులు కట్టారని తనకు చెప్పారని. ఎద్దుల లెక్క ఎలా ఉన్నా, ఆ కమాన్ల ముందు నిలబడితే రాళ్లు అతికినట్టు కనబడదు. ఆవరణలో పొడుగ్గా ఒక వైపు ఉన్నవి ఆసఫ్‌జాహీల, అంటే నిజాముల, సమాధులు. నీళ్ల హౌజ్ దగ్గర నున్నటి రాతి బల్లలున్నాయి, వాటి మీద కూర్చున్నవాడు మళ్లీ హైదరాబాద్ వస్తాడని పాత నమ్మకం. మా మామగారు రెండోసారి వచ్చినప్పుడు కూర్చున్నారు. మూడు నెలల్లో మళ్లీ వచ్చారు, పన్ను పీకించుకోవడానికి.

లాడ్ బజార్ పదకొండుకు కళ కడుతుంది. చార్మినార్ నుంచి పడమరగా వెళ్లే బజారు. లక్క గాజులకు పేరు, 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొనడానికి ముందు ఎవరైనా దుకాణదారుణ్ణి అడగండి, చేసే చోటు చూపిస్తారా అని. చాలామంది కాదనరు. వెనక సందుల్లో చిన్న గది, కింద బొగ్గుల కుంపటి, దాని మీద ఇనుప పలక. కుంపటి ముందు కూర్చున్న మనిషి లక్క ముద్దను వేడి చేసి, చపాతీ పిండిలా సాగదీసి, కడ్డీలా చేసి, రంగు లక్కను పైన పూత పట్టిస్తాడు. కొలత ప్రకారం తుంచి, రెండు కొసలు వేడి మీద అతికించి, చెక్క రూళ్లకర్ర లాంటి దానికి తొడిగి గుండ్రం సరిచేస్తాడు. అది మెత్తగా ఉండగానే అద్దపు రాళ్లు ఒక్కొక్కటే అద్దాలి. చల్లారితే రాయి కూర్చోదు, మరీ వేడైతే మునిగిపోతుంది. ఆ నడుమ ఉన్న కొద్ది క్షణాల్లో వాళ్ల వేళ్లు ఎంత వేగంగా ఆడతాయో చూడాలి. నేను ఒకసారి లెక్కపెట్టబోయి తప్పిపోయాను.

కొలతలు "రెండు-నాలుగు", "రెండు-ఆరు" అని చెబుతారు. పాపకు చిన్న కొలతే పడుతుంది, కానీ ముందు చేతికి ఎక్కించి చూడండి. లక్క గాజుకు ఒక సుఖముంది, కొంచెం బిగుతైనా వదులైనా అక్కడే వేడి చేసి సరిచేసి ఇస్తారు. గాజు గాజుకు ఆ పప్పులు ఉడకవు. మొదటి ధర విని గుండె పట్టుకోవద్దు, సగంలో మొదలుపెట్టి ఎక్కడో ఒకచోట కలుసుకోండి. లక్కకు ఎండ పడదు, షిర్డీ దాకా బ్యాగులో అడుగున వేయకుండా పైన మెత్తటి బట్టలో పెట్టండి. ముత్యాలు కొనాలని మీ ఆవిడకు ఉంటే అవి పత్తర్‌గట్టి వైపు. హైదరాబాద్‌లో సముద్రం లేదు, ముత్యాలు బయటి నుంచి వచ్చేవే. ఇక్కడి గొప్పతనం తొలవడం, ఏరడం, గుచ్చడం. రెండు ముత్యాలు ఒకదానికొకటి రుద్దితే సన్నటి గరుకు తగలాలి, నున్నగా జారిపోతే అది పూసే. బిల్లు తీసుకోండి. రైలు టైము తరుముతుండగా మాత్రం ముత్యాలు కొనొద్దు.

బజారు చివర మహబూబ్ చౌక్ గడియారపు స్తంభం దాటి చౌమహల్లా. పన్నెండుకల్లా చేరితే చాలు. ఇక్కడికి వచ్చేసరికి నాన్నగారికి చెట్టు నీడ, బెంచీ, శుభ్రమైన మరుగుదొడ్డి మూడూ కావాలి, మూడూ ఉన్నాయి. ఈ చివరిది గుర్తుపెట్టుకోండి. స్టేషన్ దాటాక ఆడవాళ్లకు నమ్మకమైనవి చౌమహల్లా, సాలార్‌జంగ్ రెండే అనుకుని నీళ్లు తాగండి. ఖిల్వత్ ముబారక్ దర్బారు హాలులో 19 షాండ్లియర్లు, తెల్ల పాలరాతి గద్దె, వెనక నాలుగు మహళ్ల తోట. ఆ నాలుగు మహళ్ల వల్లే ఆ పేరు. పాత కార్లలో 1912 నాటి పసుప్పచ్చ రోల్స్ రాయిస్ ఉంది, పాపకు నచ్చుతుంది. గంటన్నర చాలు. ప్రతి గదిలోని ప్రతి చీనా పళ్లెం చూడనక్కర్లేదు.

ఒంటిగంటన్నర. ఇప్పుడు ఎవరూ వెనక్కి నడవరు, నడవొద్దు. ఆటో ఎక్కి సాలార్‌జంగ్‌కు వెళ్లండి. భోజనం ముందా మ్యూజియం ముందా అంటే, మాంసం వద్దంటున్నారు కాబట్టి చార్మినార్ చుట్టుపక్కల పెద్ద హోటళ్ల మీద ఆశ పెట్టుకోవద్దు. శాకాహారం దొరుకుతుంది గానీ అక్కడి వంటవాడి మనసు దాని మీద ఉండదు. మదీనా వెనక ఘాన్సీ బజార్ వైపు మార్వాడీల మిఠాయి దుకాణాల్లో కచోరీ తిని, లస్సీ తాగి పొట్ట నింపుకోండి. అసలు భోజనం కాచిగూడ స్టేషన్ రోడ్డులో పప్పూ పెరుగుతో కూర్చుని తినొచ్చు.

సాలార్‌జంగ్‌లో రెండే చూడండి అంటే మ్యూజియం ప్రేమికులు నన్ను తిడతారు, తిట్టనీయండి. ఒకటి మేలిముసుగు రెబెక్కా అనే పాలరాతి శిల్పం. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కింది. రాతిలో పల్చటి తడిబట్ట ఎలా వచ్చిందో పక్క నుంచి చూడండి, ఎదురుగా కాదు. రెండోది సంగీత గడియారం. గంట కొట్టే ముందు దాని ఎదుట బెంచీల మీద జనం సినిమా హాల్లో లాగా కూర్చుంటారు. కమ్మరి బొమ్మ ఒకటి సెకనుకొక దెబ్బ వేస్తూనే ఉంటుంది. గంట అయ్యేసరికి గడ్డం బొమ్మ ఒకటి తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు కాబట్టి జనం ఎక్కువ. మీకు మూడు దెబ్బలే దక్కుతాయి. రెండూ ముప్పావుకే చేరి ముందు వరస పట్టండి, పాపను ముందు కూర్చోబెట్టండి. మూడుంబావుకు బయటికి వచ్చేయాలి. ఇంకో గది, ఇంకొక్క గది అని మీ ఆవిడ అన్నా సరే.

నాలుగింటికి కాచిగూడ, భోజనం, ఐదింటికి క్లోక్‌రూమ్ క్యూ. అక్కడ సాయంత్రం రద్దీ ఉంటుంది, చీటీ పోగొట్టుకోవద్దు, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. మీది సరాసరి టికెట్ కాకుండా రెండు విడి టికెట్లైతే, రాజమండ్రి బండి ఆలస్యమైనా షిర్డీ బండి మీ కోసం ఆగదు. కానీ మధ్యలో పన్నెండు గంటలున్నాయి కాబట్టి ఆ భయం అక్కర్లేదు. బండి రెండు గంటలు ఆలస్యమైతే అశూర్‌ఖానా, మ్యూజియం రెండూ వదిలేయండి, లాడ్ బజార్ వదలొద్దు. నాలుగు గంటలు ఆలస్యమైతే సామాను పెట్టేసి నేరుగా చౌమహల్లాకు ఆటో, అక్కడి నుంచి బజారు గుండా చార్మినార్ వైపు నడిచి వెనక్కి.

ఏప్రిల్, మే నెలలైతే పదకొండు నుంచి మూడు దాకా రోడ్డు మీద ఉండొద్దు, నడకను పదకొండు లోపే ముగించి చౌమహల్లాకు చేరుకోవాలి. రంజాన్ నెలైతే పగలు బజారు మందకొడిగా ఉంటుంది, అసలు సందడి రాత్రికి గానీ రాదు, అప్పటికి మీరు రైల్లో ఉంటారు.

ఏ తేదీ, ఏ వారమో కింద రాయండి. శుక్రవారమైతే ఇదంతా పక్కన పెట్టి వేరేది రాసిస్తాను.